అగ్ని పంపమని అడిగేటప్పుడు మనం అడుగుతున్నది ఏమిటి?

క్రైస్తవ ప్రార్థనల్లో ఎక్కువగా వినబడే మాటల్లో "అగ్ని" ఒకటి. "నీ అగ్నిని పంపు ప్రభువా" అంటాం. "అగ్ని అభిషేకం కావాలి" అంటాం. పట్టుదలగా ప్రార్థించే మనిషిని చూసి "ఆయనలో ఫైర్ ఉంది" అని మెచ్చుకుంటాం. కానీ అదే బైబిల్లో దేవుని కోపం గురించి చెప్పేటప్పుడూ అగ్నే వస్తుంది, నరకం గురించి చెప్పేటప్పుడూ అగ్నే, విశ్వాసికి వచ్చే శ్రమల గురించి చెప్పేటప్పుడూ అగ్నే. మరి అగ్ని కావాలని మోకరించినప్పుడు వీటిలో దేన్ని అడుగుతున్నట్టు?

చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. దానివల్ల కొందరికి అగ్ని అంటే శిక్ష తప్ప ఇంకేమీ గుర్తుకు రాదు, ఆ మాట వింటేనే లోపల టెన్షన్ మొదలవుతుంది. మరికొందరికి అగ్ని అంటే గట్టి శబ్దం, ఊపు, అద్భుతాలు చేసే పవర్. అది తమకు రాలేదే అని లోలోపల కుమిలిపోయే మంచి విశ్వాసులు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల కోసమైనా ఈ విషయం విడమరిచి చెప్పుకోవాలి. లేఖనాల్లో అగ్ని కనబడిన చోట్లన్నీ దగ్గర పెట్టుకుని చదివితే నాకు అర్థమయ్యేది ఇది: అగ్ని మొట్టమొదట దేవుని సన్నిధికి గుర్తు. శక్తి ఆ సన్నిధి వెంట వస్తుంది, చివరిదాకా ఆయనదిగానే ఉంటుంది. మనిషి దాన్ని చేతిలోకి తీసుకుని తన ఇష్టం వచ్చినట్టు వాడుకోబోయిన ప్రతిసారీ కథ అడ్డం తిరిగింది.

కాలిపోని పొద

హోరేబు కొండ దగ్గర మామ మందను మేపుతున్న మోషేకు ఒక పొద మండుతూ కనబడింది. ఎడారిలో ఎండిన పొద అంటుకోవడం పెద్ద వింతేమీ కాదు. అతన్ని ఆపి, దారి తప్పించి దగ్గరికి రప్పించింది మరో సంగతి: పొద మండుతూనే ఉంది, కాలిపోవడం లేదు. మామూలు మంటకు కట్టె కావాలి. కట్టె అయిపోతే మంట చచ్చిపోతుంది. ఈ మంట మాత్రం పొదను తినకుండానే బతుకుతోంది. కాసేపటికి అదే చోట దేవుడు తన పేరు చెబుతాడు: "నేను ఉన్నవాడను అనువాడను." దేని మీదా ఆధారపడకుండా తనంతట తాను ఉండేవాడని ఆ పేరు చెప్పేదాన్ని, కట్టె అక్కర్లేని ఆ మంట ముందే కళ్లకు కట్టింది.

అక్కడ మోషేకు దొరికినవి ఏ వరుసలో దొరికాయో చూడాలి. మొదట ఆగమన్నాడు. చెప్పులు విడవమన్నాడు. తరువాత ఐగుప్తులో తన ప్రజల మొర విన్నానన్నాడు, వెళ్లమన్నాడు. "నేను ఎంతటివాడను" అని మోషే వెనక్కి తగ్గితే, నీకు ఇంత శక్తి ఇస్తున్నాను అని దేవుడు లెక్క చెప్పలేదు. నేను నీకు తోడుగా ఉంటాను అన్నాడు. కర్ర పాము కావడం వంటి సూచనలు వచ్చింది ఆ తరువాతే.

దేవుడు తన సన్నిధికి గుర్తుగా అగ్నినే ఎందుకు ఎన్నుకున్నాడు? దీనికి ద్వితీయోపదేశకాండము 4వ అధ్యాయంలో మంచి ఆధారం ఉంది. సీనాయి కొండ మండుతున్న రోజు మీరు అగ్ని మధ్యనుంచి మాటలు విన్నారు గానీ ఏ స్వరూపాన్నీ చూడలేదు, కాబట్టి ఏ రూపంలోనూ విగ్రహం చేసుకోవద్దు అని మోషే ప్రజలతో అంటాడు. అగ్ని కంటికి కనబడుతుంది, ఒంటికి తగులుతుంది, కానీ దానికి నిలకడైన ఆకారం లేదు. చెక్కడానికి కుదరదు, పోత పోయడానికి కుదరదు. దేవుడు నిజంగా దగ్గరికి వచ్చాడని చెప్పాలి, అదే సమయంలో ఆయన్ని బొమ్మగా బిగించకూడదు. ఈ రెంటినీ ఒకేసారి చెప్పగలిగేవి సృష్టిలో ఎక్కువ లేవు. అందుకే క్రైస్తవం అగ్నిని పూజించదు. అగ్ని సృష్టించబడినదే, దాన్ని వాడుకుని మాట్లాడేవాడు వేరు.

ఆ పొద తరువాతి కాలంలో రకరకాలుగా చదవబడింది. 4వ శతాబ్దపు నిస్సాకు చెందిన గ్రెగరీ, దేవుని కుమారుణ్ణి కని కూడా కన్యగానే ఉన్న మరియను అందులో చూశాడు. స్కాట్లాండ్ సంఘం మండే పొదనే తన గుర్తుగా పెట్టుకుని, "అయినా అది కాలిపోలేదు" అనే అర్థం వచ్చే లాటిన్ మాట కింద రాసుకుంది. హింసల్లో పడి లేచిన సంఘానికి ఆ మాట ఎంత దగ్గరగా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు.

బలిపీఠం మీద నిప్పు, దాని బూడిద

లేవీయకాండములో కొద్ది అధ్యాయాల తేడాలో అగ్ని గురించి మూడు సంగతులు వస్తాయి. మొదటిది, యాజకులు బలిపీఠం మీద అగ్నిని ఎప్పటికీ ఆరిపోనివ్వకూడదు అన్న ఆజ్ఞ. రెండోది, అహరోను మొదటి బలులు అర్పించిన రోజున దేవుని సన్నిధినుంచి అగ్ని వచ్చి వాటిని దహించడం. మూడోది, అహరోను కొడుకులు నాదాబు, అబీహు దేవుడు ఆజ్ఞాపించని అగ్నిని ధూపార్తుల్లో తెచ్చి, దేవుని సన్నిధినుంచి వచ్చిన అగ్నికే బలైపోవడం. బలిని అంగీకరించిన అగ్ని, తెచ్చినవాళ్లను దహించిన అగ్ని, రెండూ ఒకే చోటనుంచి బయలుదేరాయి. అగ్ని మారలేదు. దాని దగ్గరికి వెళ్లిన తీరు మారింది.

అగ్ని అభిషేకం గురించి మాట్లాడేవాళ్లు నాదాబు, అబీహుల కథ చెబుతారు గానీ దానికి ముందున్న ఆరో అధ్యాయాన్ని తొందరగా దాటేస్తారు. నాకైతే అక్కడే ఆగాలనిపిస్తుంది. యాజకుడు రోజూ పొద్దున్నే నారబట్టలు వేసుకోవాలి. రాత్రంతా కాలిన బలి బూడిదను ఎత్తి బలిపీఠం పక్కన పోయాలి. తరువాత ఆ బట్టలు విప్పి, వేరే బట్టలు కట్టుకుని, ఆ బూడిదను పాళెం బయట పవిత్రమైన చోటికి మోసుకుపోవాలి. తిరిగి వచ్చి నిప్పు మీద కట్టెలు పేర్చాలి. ఆకాశంనుంచి దిగిన అగ్ని ఒక్కరోజు మాట. ఆ తరువాత మిగతా రోజులన్నీ బూడిద ఎత్తడం, కట్టెలు వేయడం. నిప్పు పుట్టించడం మనిషి చేతిలో లేదు, ఆరిపోకుండా చూసుకోవడం మాత్రం అతని పని. రోజూ వాక్యం చదువుకుంటూ, తప్పులు ఒప్పుకుంటూ, ఎవరూ చూడని చోట ప్రార్థించే మనిషి చేస్తున్నది ఈ యాజకుడి పనే. అతనికి "ఫైర్ లేదు" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కర్మెలు తరువాత హోరేబు

అగ్నికీ శక్తికీ ఉన్న సంబంధం గురించి ఎవరు మాట్లాడినా ఏలీయా దగ్గరికి రావాల్సిందే. కర్మెలు కొండ మీద ఒకవైపు బయలు అనే దేవతను కొలిచే 450 మంది ప్రవక్తలు, ఇంకోవైపు ఏలీయా ఒక్కడు. వాళ్లు పొద్దున్నుంచి కేకలు వేశారు, గంతులు వేశారు, కత్తులతో ఒళ్లు కోసుకున్నారు. ఏలీయా పాడైపోయిన బలిపీఠాన్ని బాగుచేసి, నాలుగు తొట్ల నీళ్లు మూడుసార్లు పోయించి, ఒక చిన్న ప్రార్థన చేశాడు. అగ్ని దిగివచ్చి బలినీ కట్టెలనూ రాళ్లనూ దహించి, కందకంలో నీళ్లను కూడా పీల్చేసింది. అరుపులూ ఆర్భాటమూ అంతా ఓడిపోయినవాళ్ల వైపే ఉంది. ఈ కథ చెబుతూ గొంతు చించుకునేవాళ్లు ఈ వివరాన్ని ఒకసారి గమనిస్తే బాగుండును.

అసలు పాఠం తరువాతి అధ్యాయంలో ఉంది. అంత పెద్ద గెలుపు తరువాత రాణి యెజెబెలు బెదిరింపుకు ఏలీయా ప్రాణభయంతో పారిపోయాడు, చచ్చిపోతే బాగుండునన్నాడు. నడిచి నడిచి హోరేబుకు చేరాడు. మోషే అగ్నిని చూసిన కొండ అదే. బండలు పగిలేలా గాలి వీచింది, అందులో దేవుడు లేడు. భూకంపం వచ్చింది, అందులో లేడు. తరువాత అగ్ని వచ్చింది. ఆ అగ్నిలో కూడా ఆయన లేడని రాసి ఉంది. చివరికి "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము". కర్మెలు మీద అగ్నితో జవాబిచ్చిన దేవుడే ఇక్కడ అగ్నిలో రానన్నాడు. గుర్తు ఆయన్ని కట్టిపడేయలేదు. నిన్న అగ్నిగా వచ్చాడు కాబట్టి ఈరోజూ అలాగే రావాలని పట్టుబట్టే హక్కు ఏలీయా అంతటివాడికే లేకపోయింది.

అగ్ని దిగడమే దేవుని పనికి రుజువు అనుకునేవాళ్లు ప్రకటన గ్రంథం 13వ అధ్యాయం కూడా చదవాలి. అక్కడ మనుషులందరూ చూస్తుండగా ఆకాశంనుంచి అగ్నిని దింపేది క్రూరమృగం. జనాన్ని మోసం చేయడానికే ఆ సూచన.

"పరిశుద్ధాత్మలోను అగ్నితోను"

ఇప్పుడు అన్నిటికంటే చిక్కుపడిన ముడి దగ్గరికి వద్దాం. బాప్తిస్మమిచ్చు యోహాను తన వెనక వచ్చేవాడి గురించి, "ఆయన పరిశుద్ధాత్మలోను అగ్నితోను మీకు బాప్తిస్మమిచ్చును" అన్నాడు. మత్తయి 3లోనూ లూకా 3లోనూ ఈ మాట ఉంది. మార్కు, యోహాను సువార్తల్లో ఇదే సందర్భంలో పరిశుద్ధాత్మ మాత్రమే ఉంది, అగ్ని లేదు. యేసు తానే ఈ వాగ్దానాన్ని అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో గుర్తుచేసినప్పుడు కూడా అగ్ని ప్రస్తావన రాలేదు.

యోహాను చెప్పిన ఈ అగ్ని ఏమిటన్న దాని మీద సంఘం మొదటినుంచీ ఒకే మాట మీద లేదు. ఒక వర్గం ఇది తీర్పు అంటుంది. వాళ్ల ఆధారం గట్టిదే: దానికి ముందు మాట, ఫలించని చెట్టును నరికి అగ్నిలో వేస్తారని. తరువాతి మాట, కళ్లంలో గోధుమలను కొట్టులో పోసి పొట్టును ఆరని అగ్నితో కాలుస్తారని. ముందూ వెనకా అగ్ని తీర్పయితే మధ్యలో ఒక్కటి దీవెన ఎలా అవుతుంది? రెండో వర్గం పెంతెకొస్తు రోజున నెరవేరినదాన్ని చూపిస్తుంది. అక్కడ ఆత్మా అగ్నీ కలిసే వచ్చాయి, అది శిక్ష కాదు కదా అంటుంది. మూడో వర్గం ఇది శుద్ధి చేసే అగ్ని అని, పశ్చాత్తాపపడినవాడిలో చెత్తను కాల్చి మనిషిని మిగులుస్తుందని అంటుంది.

నాకు మూడో మాట సరైనదనిపిస్తుంది. ఎందుకంటే అది మిగతా రెంటినీ తోసేయదు. యోహాను వెనక మలాకీ ఉన్నాడు. మలాకీ 3లో రాబోయేవాడు కంసాలి అగ్నిలాంటివాడు, వెండిని శోధించేవాడిలా కూర్చుని లేవీయులను నిర్మలం చేస్తాడు. అంటే ముందు కొలిమిలోకి వెళ్లేది దేవుని మందిరంలో పనిచేసేవాళ్లే. వెండికి అది శుద్ధి, మష్టుకు అదే నాశనం. కొలిమి ఒకటే. అగ్ని బాప్తిస్మం అడిగేవాళ్లు తెలిసినా తెలియకపోయినా దీన్నే అడుగుతున్నారు: నాలో ఉండకూడనిది కాలిపోవాలి అని. ఇది తేలికైన ప్రార్థన కాదు. అహంకారం, పాత పగలు, దొంగచాటు అలవాట్లు కాలేటప్పుడు నొప్పి ఉంటుంది. యెషయాకు అదే జరిగింది. సెరాపు అనే దేవదూత బలిపీఠం మీది నిప్పును పట్టకారుతో తెచ్చి అతని పెదవులకు తగిలించాక దోషం పోయింది. "నేనున్నాను నన్ను పంపు" అని అతను అన్నది ఆ తరువాతే. సిరియా, తూర్పు సంఘాలు ఆ నిప్పును ప్రభువు బల్లతో పోల్చుకుంటాయి. సెరాపు కూడా పట్టకారుతో పట్టుకున్నదాన్ని విశ్వాసి నోటితో తీసుకుంటున్నాడన్న ఆశ్చర్యం వాళ్ల ఆరాధనలో ఇప్పటికీ ఉంది.

ఒక్కొక్కరి మీద

పెంతెకొస్తు పండుగ పస్కా తరువాత యాభయ్యో రోజున వస్తుంది. సీనాయి దగ్గర ధర్మశాస్త్రం ఇచ్చిన సందర్భంగా యూదు సంప్రదాయం దాన్ని గుర్తుచేసుకుంటుంది. ఆ నేపథ్యంలో అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం చదివితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సీనాయిలో అగ్ని కొండ మీద దిగింది, చుట్టూ హద్దు గీశారు, తాకినవాడు చావాలి. సొలొమోను కట్టిన మందిరం ప్రతిష్ఠలో అగ్ని బలుల మీద దిగింది, యాజకులు లోపలికి వెళ్లలేకపోయారు. ఇప్పుడు యెరూషలేములో "అగ్నిజ్వాలలవంటి నాలుకలు" అక్కడున్న ఒక్కొక్కరి మీద వాలాయి. ఎవరూ కాలలేదు, ఎవరూ పారిపోలేదు. కొండకూ మందిరానికీ దిగిన అగ్ని ఇప్పుడు చేపలు పట్టినవాళ్ల మీద, స్త్రీల మీద, పేరు తెలియని శిష్యుల మీద దిగింది. ఇకమీదట దేవుని మందిరం వీళ్లే అన్నమాట. పౌలు తరువాత కొరింథీయులకు రాసిన మాటకు మూలం ఇక్కడుంది.

ఆ అగ్ని చేసిన పని కూడా చూడాలి. ముందుగా నోళ్లు తెరుచుకున్నాయి. దేశదేశాలనుంచి వచ్చినవాళ్లు తమ తమ భాషల్లో దేవుని గొప్ప కార్యాలు విన్నారు. కొన్ని వారాల క్రితం ఒక పనిపిల్ల ముందు యేసు ఎవరో తెలియదన్న పేతురు జనం ముందు నిలబడ్డాడు. ఇంచుమించు 3,000 మంది చేర్చబడ్డారు. ఆస్తులు అమ్మి అవసరం ఉన్నవాళ్లకు పంచుకున్నారు, ఇళ్లలో రొట్టె విరిచారు. శక్తి అంటే అక్కడ ధైర్యం, అర్థమయ్యే మాట, పంచుకునే చెయ్యి.

ఇంకొకటి. ఆత్మ దిగిరావడం ఆ పుస్తకంలోనే మళ్లీ మళ్లీ జరిగింది: సమరయలో, కొర్నేలీ ఇంట్లో, ఎఫెసులో. ఆ మూడు చోట్లా అగ్ని కనబడినట్టు రాసి లేదు. అయినా కొర్నేలీ ఇంట్లో జరిగినదాన్ని చూసి, మొదట మనమీద దిగినట్టే వాళ్లమీదా దిగాడు అని పేతురు ఒప్పుకున్నాడు. అగ్ని కనబడలేదని ఆత్మ తక్కువైపోలేదు. తమకు రాలేదే అని కుమిలిపోయేవాళ్లు ఈ మాట గట్టిగా పట్టుకోవాలి.

మనిషి చేతికి అందిన నిప్పు

ఒక సమరయ గ్రామం యేసును రానివ్వలేదు. యాకోబు, యోహానులకు కోపం వచ్చింది. ఆకాశంనుంచి అగ్ని దిగి వీళ్లను నాశనం చేయమని చెప్పమంటావా ప్రభువా అని అడిగారు. వాళ్ల మనసులో ఉన్నది ఏలీయాయే. తనను పట్టుకోవడానికి వచ్చిన సైనికుల మీద ఆయన అగ్ని రప్పించిన సంగతి వాళ్లకు తెలుసు. లేఖనంలో ఆధారం ఉంది, విశ్వాసం ఉంది, ప్రభువు మీద ప్రేమ కూడా ఉంది. అయినా యేసు వాళ్లను గద్దించి మరో గ్రామానికి నడిచాడు. శక్తి కోసం చేసే ప్రార్థనలో పగ కలిసిపోతే ఎలా ఉంటుందో దీనికంటే సూటిగా చెప్పే చోటు సువార్తల్లో లేదు. ఆ యోహానే కొంతకాలం తరువాత పేతురుతో కలిసి సమరయకు వెళ్లాడు. వాళ్లమీద చేతులుంచితే పరిశుద్ధాత్మ దిగాడు.

సంఘ చరిత్రలో ఈ గద్దింపు మరిచిపోయిన రోజులు ఉన్నాయి. 1415లో కాన్‌స్టాన్స్‌లో చెక్ సంస్కర్త యాన్ హుస్‌ను, 1553లో జెనీవాలో త్రిత్వ బోధను కాదన్న మైకేల్ సెర్వెటస్‌ను సజీవంగా కాల్చారు. మొదటిది కథోలిక మండలి తీర్పు తరువాత, రెండోది సంస్కరణ వైపు నిలిచిన ఊళ్లో. సత్యాన్ని కాపాడుతున్నామనే రెండు వైపులా అనుకున్నారు. రెండో శతాబ్దంలో స్ముర్నలో ముసలి బిషప్పు పోలికార్పును అగ్నితో బెదిరించింది రోమా అధికారి. గంటసేపు మండి ఆరిపోయే నిప్పుతో బెదిరిస్తున్నావు అని ఆయన జవాబిచ్చాడు. బెదిరించే స్థానంలోకి సంఘమే వెళ్లి కూర్చోవడం ఎంత దూరం జారిపోవడమో తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

శక్తి మోజులో పడితే ఏమవుతుందో అమెరికాలో బెంజమిన్ హార్డిన్ ఇర్విన్ కథలో ఉంది. 1890ల్లో ఈయన మారుమనస్సు, పరిశుద్ధత తరువాత "అగ్ని బాప్తిస్మం" అనే మూడో అనుభవం ఉందని బోధించి పెద్ద ఉద్యమం నడిపాడు. కొన్నాళ్లకు అగ్ని చాలలేదు. డైనమైట్ బాప్తిస్మం అన్నాడు, తరువాత లిడ్డైట్, ఆక్సిడైట్ అని పేలుడు పదార్థాల పేర్లతో ఒకదాని మీద ఒకటి మెట్లు కట్టాడు. 1900లో తాను పాపంలో బతుకుతున్నానని ఒప్పుకుని నాయకత్వం వదిలి వెళ్లిపోయాడు. ఆయన వెంట నడిచినవాళ్లలో నిజంగా దేవుణ్ణి వెదికినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు నిలబడ్డారు కూడా. కానీ శుద్ధి చేసే అగ్నిని పేలే శక్తిగా మార్చుకున్న బోధ బోధకుణ్ణే శుద్ధి చేయలేకపోయింది.

దీనికి పక్కనే ఇంకో రకం సాక్ష్యాలు ఉన్నాయి. ఫ్రెంచి గణితవేత్త బ్లేజ్ పాస్కల్ 1654 నవంబరు 23 రాత్రి దాదాపు పదిన్నరనుంచి పన్నెండున్నర దాకా తనకు కలిగినదాన్ని ఒక కాగితం మీద "అగ్ని" అన్న ఒక్క మాటతో మొదలుపెట్టి రాసుకున్నాడు. దాని వెంటే అబ్రాహాము దేవుడు, ఇస్సాకు దేవుడు, యాకోబు దేవుడు, తత్వవేత్తల దేవుడు కాదు అని రాశాడు. ఆ సంగతి బయట చాటుకోలేదు. ఆ కాగితం కోటు లోపల కుట్టి ఉందని 1662లో ఆయన చనిపోయాకే తెలిసింది. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1738 మే 24న లండన్‌లో ఒక చిన్న కూటంలో కూర్చుని ఉండగా తన హృదయం వింతగా వెచ్చబడిందని రాసుకున్నాడు. మంట అనలేదు, వెచ్చదనం అన్నాడు. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులకు లేఖనాలు వింటుంటే గుండెలు మండినట్టే. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో మొదలైన ఉజ్జీవం "పెంతెకొస్తు అగ్ని" పేరుతో లోకమంతా పాకింది. దాన్ని నడిపిన విలియం సేమోర్ బానిసలుగా బతికినవాళ్ల బిడ్డ. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన కూర్చోకూడని ఆ రోజుల్లో వాళ్లు కలిసి మోకరించారు. భాషలు ఎన్ని మాట్లాడినా ప్రేమ లేకపోతే అది ఆత్మ పని కాదని సేమోర్ గట్టిగా చెప్పాడు.

మనిషిలో ఈ అగ్ని ఎలా పనిచేస్తుందో వివరించడానికి మూడో శతాబ్దపు బోధకుడు ఓరిజెన్ కాలంనుంచీ బోధకులు కొలిమిలో ఇనుమును చూపిస్తూ వచ్చారు. ఇనుము ఎర్రగా కాలి, తాకినదాన్ని కాలుస్తుంది, వెలుగిస్తుంది. చూసేవాడికి అది నిప్పులాగే ఉంటుంది. అయినా అది ఇనుమే. నిప్పులోంచి తీసి పక్కన పెడితే కాసేపటికి నల్లబడుతుంది. వేడి దానికి సొంతం కాదు.

పౌలు థెస్సలొనీకయులకు "ఆత్మను ఆర్పకుడి" అని రాసి, ఆ వెంటనే ప్రవచించడాన్ని చులకన చేయవద్దని, అన్నిటినీ పరీక్షించి మేలైనదాన్ని పట్టుకోమని రాశాడు. మొదటి మాట చెప్పేవాళ్లు కొందరు రెండోది వదిలేస్తారు. పరీక్షించడంలో మునిగినవాళ్లు మొదటిది మరిచిపోతారు. పౌలుకు ఈ రెండూ ఒకే ఊపిరిలో వచ్చాయి. రెండో తిమోతి మొదటి అధ్యాయంలోనూ అంతే. పిరికితనం వెంటాడుతున్న తిమోతికి, నీలో ఉన్న కృపావరాన్ని మళ్లీ ప్రజ్వలింపజేసుకో అని చెబుతాడు. వెంటనే అది ఎలాంటి ఆత్మో వివరిస్తాడు: దేవుడు మనకు ఇచ్చింది పిరికితనం గల ఆత్మ కాదు, శక్తి, ప్రేమ, ఇంద్రియ నిగ్రహం గల ఆత్మ. శక్తికి అవతల ప్రేమను, నిగ్రహాన్ని కూడా పెట్టే ఆ వాక్యం రాసింది మరణశిక్ష కోసం ఎదురుచూస్తున్న ఖైదీ.